శుభ్రం వేరు, శుద్ధి వేరు



ఈ చిన్న పుస్తకాల వరుసలో త్రిశరణాల గురించి, పంచశీల గురించి, బాబాసాహెబ్ ఇచ్చిన 22 ప్రతిజ్ఞల గురించి పెద్దలు రాశారు. నేను అంత పెద్ద విషయం ఎత్తుకోవడం లేదు. ఒక అద్దె ఇల్లు ఖాళీ అయ్యాక దాన్ని ఇంకొకరి కోసం సిద్ధం చేయడం గురించి రాస్తున్నాను. ఇందులో ధమ్మం ఏముందని మీరు అనొచ్చు. మొన్న ఏప్రిల్ దాకా నేనూ అలాగే అనుకున్నాను.

మన ఆదివారం వందనకు వచ్చే కుటుంబాలను ఒకసారి చూడండి. తాతల కాలంలో ఊరికి ఎడంగా గుడిసెలు. నాన్నల కాలంలో కాలనీలో ప్రభుత్వం కట్టించిన ఒంటి గది ఇల్లు. మన కాలానికి రిజర్వేషన్ పుణ్యాన (పుణ్యం అన్నది అలవాటు కొద్దీ వచ్చిన మాట, హక్కు అనాలి) టౌనులో రెండు సెంట్ల స్థలం, బ్యాంకు లోను, కింద మనం, పక్కనో పైనో ఒక పోర్షన్ అద్దెకు. నెల నెలా ఆ అద్దె వస్తేనే లోను వాయిదా కట్టగలం. అద్దెకు ఇల్లు దొరకక మనం పడ్డ అవమానాల మీద పాటలు కట్టుకున్నాం, మీటింగుల్లో చెప్పుకున్నాం. కానీ ఇల్లు అద్దెకిచ్చేవాళ్లం అయ్యాక మనం ఎలా ఉన్నామో ఎవరం చెప్పుకోలేదు.

గుంటూరులో మా ఇంటి పక్క పోర్షన్‌లో ఒక దర్జీ కుటుంబం తొమ్మిదేళ్లు ఉంది. ఆయన్ని నేను బాబాయిగారనేదాన్ని, ఆవిడని పిన్నిగారని. ముందు గదిలో కుట్టుమిషను వేసుకుని వీధిలో వాళ్ల జాకెట్లు, స్కూలు యూనిఫాంలు కుట్టేవాడు. కొలతలు కాగితం మీద కాదు, పక్కనున్న గోడ మీదే పెన్సిలుతో రాసుకునేవాడు. ఎన్నిసార్లు చెప్పినా వినేవాడు కాదు. ఫిబ్రవరిలో గుండెనొప్పి వచ్చి పెద్దాసుపత్రిలో చేర్చిన రెండో రాత్రి పోయాడు.

తెల్లవారుజామున అంబులెన్సు మా సందులోకి వచ్చింది. ఎదురింటావిడ గేటు దగ్గరికి వచ్చి నా చెవిలో అంది: "అద్దె కొంపలోకి శవాన్ని రానిస్తారా ఎక్కడన్నా? రేపు ఎవరు దిగుతారు ఆ ఇంట్లో?" మా అత్తయ్య ఏమీ అనలేదు గాని మొహం తిప్పుకుంది. నేను పిన్నిగారి దగ్గరికి వెళ్లి చెయ్యి పట్టుకుని ఎంతో నెమ్మదిగా అన్నాను: "లోపల ఇరుకు కదా పిన్నిగారూ, సందులో టెంటు వేయిస్తే వచ్చిపోయేవాళ్లకు వీలుగా ఉంటుంది." ఆవిడ నా మొహంలోకి ఒకసారి చూసి తలూపింది. తొమ్మిదేళ్లు అద్దె కట్టిన మనిషిని మురుగు కాలవ పక్కన బల్ల మీద పడుకోబెట్టాం. ఎండ ఎక్కేదాకా అక్కడే ఉన్నాడు. ఆ గుమ్మం మళ్లీ దాటలేదు.

ఆ ముందటి ఆదివారమే వందనలో నేను అనిత్యం గురించి పావుగంట మాట్లాడాను. కిసాగోతమి కథ చెప్పాను. చచ్చిపోయిన బిడ్డను చంకనేసుకుని మందు కోసం తిరిగిన తల్లికి, ఎవరూ చనిపోని ఇంటి నుంచి గుప్పెడు ఆవాలు తెమ్మని బుద్ధుడు చెప్పిన కథ. శ్రావస్తిలో ఆమె తలుపు తట్టని ఇల్లు లేదు, చావు లేని ఇల్లూ దొరకలేదు. మన ఊళ్లలో అయితే ఆమె ఓనర్ల దగ్గరికి వెళ్లాల్సింది. మా ఇంట్లో ఎవరూ పోలేదమ్మా, పోనివ్వం కూడా, శవాన్ని బయటే పెట్టిస్తాం అని చెప్పి ఆవాలు కొలిచి ఇచ్చేవాళ్లం.

ఇది మా ఒక్క సందు సంగతి కాదని మీకు తెలుసు. అద్దెకున్న మనిషి పోతే శవాన్ని ఇంట్లోకి రానివ్వకపోవడం, ఆసుపత్రి నుంచి నేరుగా శ్మశానానికో, ఊళ్లో చుట్టాలింటికో తీసుకుపొమ్మనడం రెండు రాష్ట్రాల్లోనూ పట్టణాల్లో మామూలైపోయింది. కొన్నిచోట్ల పెద్ద జబ్బుతో ఉన్న మనిషిని ముందే ఖాళీ చేయిస్తారు. కారణం అడిగితే వాస్తు అంటారు, మైల అంటారు, నక్షత్రం మంచిది కాదంటారు. ధనిష్ఠా పంచకంలో పోతే ఇల్లు నెలల తరబడి మూసిపెట్టాలంటారు. మూసిపెడితే అద్దె పోతుంది, అసలు భయం అదే. మైల మీద నమ్మకం ఎంతో, అద్దె మీద ప్రేమ ఎంతో ఆ భయంలో విడదీయడం కష్టం. నా విషయంలో నమ్మకం లేదు. నాకు మైల లేదు, నక్షత్రం లేదు. నాకున్నది "రేపు ఎవరు దిగుతారు?" అన్న ఒక్క ప్రశ్న. నమ్మకం ఉండి చేసినవాడి కంటే, లేకుండా చేసిన నేనే తక్కువదాన్నని నా ఉద్దేశం.

పిన్నిగారు మార్చి ఆఖరున ఖాళీ చేసి నరసరావుపేటలో కూతురి దగ్గరికి వెళ్లిపోయింది. వెళ్లే రోజు పోర్షనంతా ఊడ్చి, కడిగి, వంటగట్టు సబ్బు పెట్టి తోమి, ఆ నెల కరెంటు బిల్లు రసీదుతో సహా తాళాలు నా చేతిలో పెట్టింది. మా ఆయన అడ్వాన్సు తిరిగి ఇస్తూ పెయింటింగ్ కింద మూడు వేలు పట్టుకున్నాడు. అందరూ పట్టుకుంటారు, అది మామూలు. నేను అప్పుడు నోరెత్తలేదు.

తర్వాత పని మొదలైంది. అసలు విషయం ఇక్కడి నుంచే.

ఇల్లు చూసిన ప్రతివాళ్లూ రెండు రకాల జాబితాలు చెప్పారు. ఒకటి: ముందు గదికి లప్పం పెట్టి రంగు వేయించు, వెనక గోడకు చెమ్మ ఎక్కి ఉప్పు తేలింది చూపించు, బాత్రూం పంపుకి వాషర్ మార్చు, మోటారు స్విచ్చి తడిచేత్తో ముట్టుకుంటే జిల్లుమంటోంది ఎలక్ట్రీషియన్‌ని పిలువు. ఇంకొకటి: పంతులుగారిని పిలిచి శాంతి చేయించు, గోపంచకం చల్లించు, కనీసం పసుపు నీళ్లన్నా చల్లు, గుమ్మానికి గుమ్మడికాయ కట్టు. రెండో జాబితా చెప్పినవాళ్లలో మనతో పాటు దీక్ష తీసుకున్నవాళ్లు ఇద్దరున్నారు. "మనకి నమ్మకం లేదులే అక్కా, దిగేవాళ్ల కోసం" అన్నారు.

మొదటిది శుభ్రం. రెండోది శుద్ధి. తెలుగులో ఈ రెండు మాటలూ ఎంత దగ్గరగా ఉంటాయంటే, ఒకటి అంటూ ఇంకొకటి చేసేస్తాం. శుభ్రానికి కంటికి కనిపించే మురికి ఉండాలి. చీపురు, నీళ్లు, సబ్బు, రెండు చేతులు చాలు. పని అయ్యాక మురికి ఉండదు, ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు. శుద్ధికి మురికి అక్కర్లేదు. దానికి కావాల్సింది ఒక మనిషి మీద భయమో, అసహ్యమో. పని అయ్యాక కూడా ఇల్లు ముందెలా ఉందో అలాగే ఉంటుంది, చెయ్యించుకున్నవాడి మనసు మాత్రం కుదుటపడుతుంది.

ఈ తేడా మనకు ఎవరూ పుస్తకంలో చెప్పనక్కర్లేదు. 1927 మార్చి 20న మహాడ్‌లో బాబాసాహెబ్ వేలమందితో కలిసి చౌదార్ చెరువు నీళ్లు తాగారు. ఆ తర్వాత అక్కడి సవర్ణులు ఆవుపేడ, ఆవు మూత్రం, పాలు, పెరుగు కలిపి మంత్రాలు చదివి చెరువులో పోయించి, నీళ్లు శుద్ధి అయ్యాయన్నారు. పశువులు దిగి తాగినప్పుడు ఆ చెరువుకు ఏమీ కాలేదు. మనిషి దోసిలి ముంచితే మైలపడింది. పేడ కలిపితే బాగుపడింది! శుభ్రం లెక్కలో చూస్తే ఇంతకంటే తలకిందుల పని ఉండదు. శుద్ధి లెక్కలో అది సరైన పనే. ఈ దేశంలో ఊళ్లు ఊడ్చింది, కాలవలు తీసింది, చచ్చిన గొడ్డును మోసింది మనవాళ్లు. శుభ్రం చేసిన చేతులనే శుద్ధి పేరు చెప్పి దూరం పెట్టారు. అలాంటి మనం మన ఇంట్లో పసుపు నీళ్లు చల్లితే, చల్లేది ఎవరి మీద? కొలతలు గోడ మీద రాసుకున్న ఒక దర్జీ మీద.

నేను పంతుల్ని పిలవలేదు. అది పెద్ద గొప్పేం కాదు, పిలిస్తే మా సంఘంలో తలెత్తుకోలేను కాబట్టి పిలవలేదు. కానీ చీపురు పట్టుకుని ఆ ఖాళీ గదిలోకి వెళ్లినప్పుడు వినయ పిటకం గుర్తొచ్చింది.

మనలో చాలామంది ధమ్మపదం చదువుతారు గాని వినయం జోలికి పోరు, అది భిక్ఖువుల సంగతి అనుకుంటారు. అందులో చుల్లవగ్గంలో, ఉండే చోటును ఎలా చూసుకోవాలో చెప్పే భాగం ఒకటుంది. ఒక ఇల్లాలు కూర్చుని చెప్పినట్టుంటుంది. ముందు సామాను బయట పెట్టాలి. మంచాన్ని తలుపుకూ ద్వారబంధానికీ తగలకుండా వంచి తీసుకెళ్లాలి. బూజు పై నుంచి దులుపుకుంటూ రావాలి. కిటికీలు, గది మూలలు తుడవాలి. గోడ మరకలు పడితే గుడ్డ తడిపి, పిండి, దాంతో తుడవాలి. మట్టి నేలైతే దుమ్ము లేవకుండా నీళ్లు చిలకరించి ఊడ్వాలి. చాపలు, పరుపులు ఎండలో వేసి, దులిపి, ఎక్కడివి అక్కడ పెట్టాలి. తూర్పు నుంచి దుమ్ముగాలి వస్తే తూర్పు కిటికీలు వేయాలి, పడమటి నుంచి వస్తే పడమటివి. చలికాలం కిటికీలు పగలు తెరిచి రాత్రి మూయాలి, ఎండాకాలం పగలు మూసి రాత్రి తెరవాలి. తాగే నీళ్లు లేకపోతే తెచ్చి పెట్టాలి, మరుగుదొడ్డి కుండలో నీళ్లు లేకపోతే నింపాలి.

ఆ వివరమంతటిలో ఎక్కడా మైల అన్న ఆలోచన లేదు. ముందు అక్కడ ఎవరున్నారు, ఏ కులం నుంచి సంఘంలోకి వచ్చారు, ఆ గదిలో ఎవరైనా పోయారా అన్న ప్రశ్నే రాదు. కిటికీ ఏ దిక్కున ఉందో చూస్తాడు, దుమ్ము కోసం. మన వాస్తు పండితుడూ కిటికీ దిక్కే చూస్తాడు, దేనికోసమో మీకు తెలుసు. అదే చుల్లవగ్గంలో రాజగృహం వర్తకుడు ఒక్క రోజులో 60 విహారాలు కట్టించిన సంగతి ఉంది. వాటిని ఎవరికి ఇవ్వమంటారని అడిగితే, నాలుగు దిక్కుల సంఘానికి, వచ్చినవారికీ ఇంకా రానివారికీ ఇవ్వమన్నాడు బుద్ధుడు. ఇంకా రానివాడి ముఖం తెలియదు, పేరు తెలియదు. వాడి కోసం ఇల్లు సిద్ధం కావాలి. అద్దె ఇల్లు దానం కాదు, డబ్బు తీసుకుంటున్నాం, ఆ తేడా నాకు తెలుసు. అయినా చీపురు పట్టినప్పుడు ఎదురుగా ఉన్న సంగతి అదే. ఇంకా రానివాడి కోసం ఊడుస్తున్నాం.

వెళ్లే భిక్ఖువు ఆ చోటు సర్దిపెట్టి, అక్కడ ఉన్నవాళ్లకు చెప్పి వెళ్లాలని కూడా వినయంలో ఉంది. మా పిన్నిగారు వినయ పిటకం పేరు వినలేదు. తాళాలు ఇచ్చిన రోజు ఆవిడ చేసింది అదే. త్రిశరణాలు రోజూ చదివే నేను చేసింది సందులో టెంటు.

గోడ మీద కొలతలు తడిగుడ్డతో తుడుస్తుంటే పెన్సిలు గీతలు పోతున్నాయి గాని, మధ్యలో ఒక ఫోన్ నంబరు కింద "బాకీ 120" అని పెన్నుతో గట్టిగా రాసి ఉంది, అది పోలేదు. దాని మీద లప్పం పెట్టించాను. ఆ సాయంత్రం పిన్నిగారికి ఫోన్ చేసి మూడు వేలు కూతురి నంబరుకు ఫోన్‌పే చేశాను. తొమ్మిదేళ్లలో గోడ రంగు దానంతటదే పోతుంది, ఎవరున్నా పోతుంది. దాని డబ్బు ఆమెది కాదని ఎలా అంటాం? ఇవ్వనిది తీసుకోనని రెండో శీలంలో చెప్పుకుంటాం. అడ్వాన్సులో నుంచి పట్టుకున్నది ఇచ్చిందో ఇవ్వనిదో తాళం ఎవరి చేతిలో ఉందో చూస్తే తెలుస్తుంది. ఆ రోజు సంగతి కూడా ఎత్తి, తప్పయిపోయింది పిన్నిగారూ అన్నాను. "పోనీలే అమ్మాయ్, ఇల్లు నీది" అంది. క్షమించిందో, ఉన్నమాట అందో నాకు తెలియదు. ఆ మాట ఇప్పటికీ గుచ్చుతూనే ఉంది.

ఇక టు-లెట్ బోర్డు. బోర్డు కట్టే ముందు తేల్చుకోవాల్సిన ప్రశ్న ఒకటుంది. ఈ ఇంట్లో ఉన్న ఒకాయన మొన్నీమధ్య పోయాడని వచ్చేవాళ్లకు చెప్పాలా?

మా ఆయన వాదన ఇది: "చావు వల్ల ఇంటికి దోషం ఉందని మనం నమ్మం. లేని దోషం చెప్పకపోతే అబద్ధం ఎలా అవుతుంది? అడిగితే చెబుదాం." వినడానికి బాగానే ఉంది. కాదనడానికి నాకు రెండు రోజులు పట్టింది.

పెళ్లయిన కొత్తలో మేము ఇల్లు వెతుక్కున్న రోజులు గుర్తు చేసుకున్నాను. "మీరేమిట్లండీ?" అనేవాళ్లు. ఇల్లు నచ్చిందని అడ్వాన్సు బయటికి తీస్తుంటే కూడా అనేవాళ్లు. నాలుగిళ్లు పోయాక అయిదో ఇంట్లో నేను కులం దాచాను. అంటరానితనం పేరుతో నివాసానికి అడ్డుపడటం నేరమని 1955 నాటి పౌరహక్కుల చట్టంలో ఉంది. "ఇప్పుడే వేరేవాళ్లకు ఇచ్చేశామండీ" అన్న మాటకు మాత్రం ఆ చట్టం ఏ సాక్షిని తేగలదు? నేను దాచింది నాలుగో శీలం తప్పడమేనా అని చాలాకాలం మధనపడ్డాను. తర్వాత బాబాసాహెబ్ రాసుకున్న బరోడా జ్ఞాపకం చదివాను. 1917లో, అంత చదువు చదివి, సంస్థానం కొలువు కోసం బరోడా వెళ్తే ఆయనకు తల దాచుకునే చోటు దొరకలేదు. పార్శీ సత్రంలో పార్శీ పేరు రాయించుకుని, పై అంతస్తులో పనికిరాని సామాను మధ్య ఒంటరిగా ఉన్నారు. పదకొండో రోజు పొద్దున కర్రలు పట్టుకుని డజను మంది వచ్చి సత్రాన్ని మైలపరిచావని నిలదీసి, సాయంత్రంలోగా పొమ్మన్నారు. అదీ శుద్ధి గొడవే.

నీడ కోసం వచ్చినవాడు దాచుకునే మాట, తాళం చేతిలో ఉన్నవాడు దాచే మాట ఒక్కటి కావని అప్పుడు నాకు తోచింది. మొదటివాడి మౌనం వల్ల ఎవరికీ ఏ హానీ లేదు. ఆ ప్రశ్నే అన్యాయం. రెండోవాడి మౌనం వెనక అద్దె ఉంది. దిగాక మూడో నెలలో ఎదురింటావిడ నోటి నుంచి ఆ సంగతి తెలిస్తే, నమ్మకం ఉన్న మనిషికి రాత్రిళ్లు నిద్ర పట్టదు. సామాను ఎత్తి ఇంకో ఇంటికి మారాలంటే వాళ్ల డబ్బు, వాళ్ల పిల్లల బడి. ఆ భయం తప్పని మనం వాదించొచ్చు. వాళ్లను చీకట్లో ఉంచి, వాళ్ల తరఫున మనం తేల్చేయకూడదు. నమ్మకం తప్పైతే ఎదురుగా చెప్పి మాట్లాడాలి. చెమ్మ గోడ సంగతి దాచడం తప్పని ఒప్పుకునే మా ఆయన దీన్ని ఒప్పుకోవడానికి ఇంకో రోజు తీసుకున్నాడు. ఆయన ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు, అది వేరే సంగతి.

మొదట వచ్చిన కుటుంబానికి చెప్పాను. చెమ్మ గోడ చెప్పాను, చావు చెప్పాను. వాళ్లావిడ మా హాల్లోని బాబాసాహెబ్ ఫోటో వైపు, బుద్ధుడి బొమ్మ వైపు కూడా చూసింది. రేపు చెబుతామని వెళ్లారు. మళ్లీ రాలేదు. చావు విని రాలేదో, ఫోటో చూసి రాలేదో తెలియదు. బోర్డు ఉన్నన్నాళ్లూ ఫోటో లోపలి గదిలో పెట్టుకోమని ఒక తమ్ముడు సలహా ఇచ్చాడు. బరోడాలో ఆయన ఇంకొకరి పేరుతో పదకొండు రోజులు ఉన్నది చాలు, మా ఇంట్లో కూడా దాగాలా అన్నాను. ఏప్రిల్ అంతా పోర్షన్ ఖాళీగానే ఉంది. లోను వాయిదా ఆ నెల చీటీ పాటలోంచి కట్టాం.

తర్వాత ఒక ఆదివారం పొద్దున గేటు బయట ఒక జంట నిలబడ్డారు. ఆయన మున్సిపాలిటీలో పారిశుధ్య కార్మికుడు. లోపలికి రమ్మన్నా రాకుండా, నేనేమీ అడగకముందే, "మేం రెల్లోళ్లమమ్మా. ఇస్తారా?" అన్నాడు. ఇల్లు చూసి, నచ్చి, ఆశ పడ్డాక కాదనిపించుకోవడం కన్నా ముందే చెప్పేసుకోవడం నయమని ఆయనకు ఎన్ని గేట్లు నేర్పి ఉంటాయో.

ఇక్కడ నేను నిజం రాయాలి. నా నోటి చివర ఒక మాట వచ్చి ఆగింది. "ఆలోచించి చెబుతాం" అన్న మాట. ఎందుకో వెతుక్కుంటే కారణాలు కూడా సిద్ధంగా ఉన్నాయి. బంధువులు ఎక్కువ వస్తారేమో. నీళ్లు ఎక్కువ వాడతారేమో. బాబాసాహెబ్ బరోడా జ్ఞాపకంలోనే ఇంకో సంగతి ఉంది, మనం మీటింగుల్లో ఎక్కువగా చెప్పుకోనిది. సత్రం నుంచి గెంటేశాక ఆయన ఒక క్రైస్తవ స్నేహితుణ్ణి ఆశ్రయం అడిగారు. మా ఆవిడ రేపు వస్తుంది, అడిగి చెబుతానన్నాడు ఆ స్నేహితుడు. అది మర్యాదగా కాదనడమేనని ఈయనకు అర్థమైంది. ఆ దంపతులు బ్రాహ్మణ కుటుంబం నుంచి మతం మారినవాళ్లని రాసుకున్నారు. మతం మారింది, గుమ్మం మారలేదు. సందులో టెంటు వీలుగా ఉంటుందన్న నా మాటకూ, అడిగి చెబుతానన్న ఆయన మాటకూ తేడా ఏముంది?

మనుషులందరూ సమానమని నమ్ముతానని, ఆ సమానత్వం కోసం పాటుపడతానని తొమ్మిది, పది ప్రతిజ్ఞల్లో చెప్పాం. మన మీదున్న మెట్టు ఎక్కడానికి ఆ ప్రతిజ్ఞలు బాగా పనికొచ్చాయి. మన కింద ఇంకో మెట్టు ఉందన్న సంగతి గేటు దగ్గర ఎవరో నిలబడితే గాని గుర్తు రాదు. మాలా మాదిగా అని మనం కొట్టుకుంటుంటే, రెల్లి, యానాది కుటుంబాలు మన ఇద్దరి గేట్ల బయటా నిలబడి ఉన్నాయి. పాకీపని చేసే సునీతుడు ఎదురుపడినప్పుడు బుద్ధుడు దారి మార్చుకోలేదు. ఆయన దీక్ష కథను బాబాసాహెబ్ తన బుద్ధ ధమ్మ గ్రంథంలో ప్రత్యేకంగా పెట్టారు. మనం ఆ కథ చదివి, సునీతుడి చోట మనల్ని పెట్టుకుని కళ్లనీళ్లు పెట్టుకుంటాం. కథలో ఇంకో చోటు కూడా ఉంది.

"లోపలికి రండి, చూసుకుని చెప్పండి" అన్నాను. గేటు తీశాను. ఆయన్ని అడగకుండా చెప్పాల్సినవి నేనూ చెప్పాను. వెనక గోడకు వానాకాలం చెమ్మ ఎక్కుతుంది. ఫిబ్రవరిలో ఇక్కడ ఉన్న దర్జీ పోయాడు. ఆయన రెండో సంగతి విన్నాడో లేదో, "మున్సిపల్ నీళ్లు ఎన్నింటికొస్తాయమ్మా?" అన్నాడు. పొద్దున ఆరింటి నుంచి ఏడు దాకా, రోజు విడిచి రోజు అని చెప్పాను. కొత్తగా వచ్చినవాళ్లకు తాగే నీళ్లు ఎక్కడ, మరుగుదొడ్డి ఎక్కడ చూపించాలని కూడా వినయంలో ఉంది. అవన్నీ చూపించాను. మార్చిన మోటారు స్విచ్చి కూడా వేసి చూపించాను.

ఆవిడ అప్పటిదాకా ఏమీ మాట్లాడలేదు. ముందు గది మధ్యలో నిలబడి, "మా మామకి పక్షవాతం అక్కా. మంచం మీదే ఉంటాడు. రేపు ఏదన్నా అయితే..." అని ఆగిపోయింది.

"ఇంట్లోకే తెచ్చుకోండి. ఈ గదిలోనే పెట్టుకోండి" అన్నాను. గొంతు నాదేనా అనిపించింది.

వెనక మెట్ల మీద అత్తయ్య ఉంది. ఫిబ్రవరిలో తిప్పుకున్నట్టే మొహం తిప్పుకుంటుందనుకున్నాను. ఆవిడ గుమ్మం వైపు చూస్తోంది. "రెండు మెట్లున్నాయి కదా, చక్రాల కుర్చీ ఎట్లా ఎక్కుద్ది?" అంది.

వాళ్లు ఒకటో తారీఖున దిగుతారు. గురువారం మేస్త్రీ వస్తానన్నాడు, గుమ్మం ముందు వాలు కట్టాలి. సగం బస్తా సిమెంటు సరిపోతుందంటున్నాడు గాని, ఒకటి తెప్పించి పెట్టాం.